నలభై నిమిషాలు ఆలస్యమైన పడవ

మీరూ మీ స్నేహితుడూ కలిసి వచ్చే ఏడాది ట్రయథ్లాన్‌కి పేరిచ్చారనుకుందాం. సైకిల్ మీద 40 కిలోమీటర్లు పోగలుగుతున్నారు. 10 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలుగుతున్నారు. పట్నంలో స్విమ్మింగ్ పూల్‌కి ఆరు నెలలు వెళ్లి కిలోమీటరున్నర ఈదడమూ అలవాటు చేసుకున్నారు. ఇక మిగిలింది ఒక్కటే. పోటీలో ఈత పూల్‌లో ఉండదు. సముద్రంలోనో, జలాశయంలోనో ఉంటుంది. పట్టుకోవడానికి గోడ ఉండదు, అడుగున నీలి గీత కనిపించదు, కాళ్లు ఆనవు. అందుకని సొంతూరు తిరుమలాయపాలెం వచ్చినప్పుడు ఇద్దరూ కట్ట మీద నిలబడి చెరువు వైపు చూస్తారు. ఇంట్లో అమ్మకి ఆ చూపు అర్థమవుతుంది. వద్దంటుంది.

ఆ అమ్మ భయం ఉత్తిదేం కాదు. ఏటా ఎండాకాలం సెలవుల్లో బావులు, కాలువలు, చెరువులు ఎంతమంది పిల్లల్ని మింగుతున్నాయో పేపర్లో చదువుతూనే ఉన్నాం. అలాగని ఈత మానేయమని చెప్పడం లేదు. గోడల్లేని నీళ్లలోకి దిగేముందు ఒకమ్మాయి జీవితం తెలుసుకోండి. ఆమె పేరు ఆరతి సాహా. ఇంగ్లిష్ చానల్ ఈదిన తొలి ఆసియా మహిళ. ఆ మాట చాలామందికి తెలుసు. అంతకు నెల ముందు ఆమె అదే నీళ్లలో ఓడిపోయిందనీ, ఆ ఓటమి ఆమె చేతుల్లో లేని ఒక ఆలస్యంతో మొదలైందనీ తెలిసినవాళ్లు తక్కువ.

ఘాట్‌లో నేర్చిన ఈత

ఆరతి 1940 సెప్టెంబరు 24న కోల్‌కతాలో పుట్టింది. అప్పటికింకా కలకత్తా. తండ్రి పాంచుగోపాల్ సాహా సైన్యంలో చిన్న ఉద్యోగి. పాపకి రెండున్నరేళ్లు వచ్చేసరికి తల్లి చనిపోయింది. అన్న, చెల్లెలు భారతి మేనమామల ఇంట్లో, ఆరతి ఉత్తర కలకత్తాలో నానమ్మ దగ్గర పెరిగారు. మూడు ముక్కలైన సంసారం.

నాలుగేళ్ల వయసులో బాబాయి చెయ్యి పట్టుకుని చంపాతల ఘాట్‌కి స్నానానికి వెళ్లేది. ఈత అక్కడే వచ్చింది. మన దగ్గర నడుముకి బెండు కట్టుకునో, సొరకాయ బుర్ర పట్టుకునో మోట బావిలో దిగిన పాత తరం పిల్లలు ఎలా నేర్చుకున్నారో, ఈమె చదువూ కొంచెం అలాంటిదే. తేడా ఒక్కటే. బిడ్డ నీళ్లను వదలడం లేదని గమనించిన తండ్రి ఆమెను తిట్టి ఇంట్లో కూర్చోబెట్టలేదు, హాట్‌ఖోలా స్విమ్మింగ్ క్లబ్బులో చేర్పించాడు. అది 1940ల మాట. తల్లి లేని ఆడపిల్లను నలుగురి ముందు ఈతకి పంపడం అప్పటి మధ్యతరగతి ఇంట్లో తేలిక కాదు. ఇప్పటికీ మన ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలకు ఈత వచ్చో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి.

క్లబ్బులో ఆమెను తీర్చిదిద్దినవాడు సచిన్ నాగ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచింది ఆయనే. ఆరతి 1946లో, అయిదేళ్ల వయసులో, 110 గజాల పోటీలో తొలి బంగారు పతకం అందుకుంది. ఆ తర్వాత రాష్ట్రస్థాయి పోటీల్లో వరసగా గెలుస్తూ పోయింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత జట్టులో నలుగురు మహిళలుంటే వారిలో ఈమె ఒకరు. వయసు 11 ఏళ్ల 10 నెలలు. 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో 3 నిమిషాల 40.8 సెకన్లు తీసుకుని హీట్స్‌లోనే వెనుదిరిగింది. తిరిగొచ్చాక 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సొంత చెల్లెలు భారతి చేతిలో ఓడిపోయింది. దాంతో ఆ పోటీ వదిలేసి బ్రెస్ట్‌స్ట్రోక్ మీదే మనసు పెట్టింది. వేగం తన బలం కాదేమోనని ఆ వయసులోనే ఆమెకు తోచి ఉంటుందా? చెప్పలేం. కానీ గంగానదిలో దూరపు ఈతల వైపు మళ్లింది. ఆమె బలం అక్కడే ఉందని తర్వాత తేలింది.

ఢాకా నుంచి ఒక మిత్రుడు

1958లో ఇంగ్లిష్ చానల్ పోటీలో పురుషుల్లో మొదటివాడుగా ఒడ్డు చేరినవాడు బ్రోజెన్ దాస్. ఢాకా ప్రాంతం మనిషి, అప్పటి తూర్పు పాకిస్తాన్ ఈతగాడు. ఆరతి ఆయనకు అభినందనలు పంపింది. ఆయన జవాబిస్తూ ఆమె కూడా చానల్ ఈదగలదని ధైర్యం చెప్పాడు. అంతటితో ఆగకుండా, మరుసటి ఏడాది పోటీకి ఆమె పేరును నిర్వాహకులకు తానే సూచించాడు. దేశాలు రెండైనా నీళ్ల మీద స్నేహం ఒకటే. అదే ఏడాది సెప్టెంబరులో మిహిర్ సేన్ 14 గంటల 45 నిమిషాల్లో చానల్ దాటాడు. ఆయనా ఆరతిని ప్రోత్సహించాడు.

డబ్బు సంగతి వచ్చేసరికి కథ మనందరికీ తెలిసిన దారిలోనే నడిచింది. ఆరతి ఉద్యోగం చేసింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో. విమాన ఛార్జీలు, పడవ ఖర్చు, ఇంగ్లండ్‌లో బస భరించే స్తోమత ఆ ఇంటికి లేదు. హాట్‌ఖోలా క్లబ్బులో సహాయ కార్యదర్శిగా ఉన్న డాక్టర్ అరుణ్ గుప్తా ఈత ప్రదర్శనలు పెట్టించి చందాలు పోగుచేశాడు. సరిపోలేదు. చివరికి ముఖ్యమంత్రి, స్వయంగా పేరున్న వైద్యుడు అయిన బిధాన్ చంద్ర రాయ్ 11,000 రూపాయలు మంజూరు చేయించారు.

ఇక సాధన. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే మీకు నేరుగా పనికొచ్చేది ఇదే. 1959 ఏప్రిల్ 13న కలకత్తా దేశబంధు పార్కు చెరువులో ఆరతి ఎనిమిది గంటలు ఆపకుండా ఈదింది. చుట్టూ ఒడ్డున వేలమంది, వారిలో పేరున్న ఈతగాళ్లు. ఆ తర్వాత మరోసారి పదహారు గంటలు ఈదింది. చివరి 70 మీటర్లు వేగం పెంచి మరీ ముగించింది. సముద్రానికి వెళ్లేముందు సాధన చేసింది ఊరి మధ్యలో, అందరి కళ్లముందు ఉన్న ఒక పార్కు చెరువులో. అలలు లేవు, ప్రవాహం లేదు, ఏ మూల నుంచి చూసినా మనిషి కనిపిస్తుంది. శరీరం ఎంతసేపు ఓర్చుకోగలదో ముందు అక్కడ తేల్చుకుంది. ప్రమాదం తక్కువున్న చోట ఓపిక పెంచుకుని, ఆ ఓపికను ప్రమాదం ఉన్న చోటికి తీసుకెళ్లింది.

మనలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పూల్‌లో అరగంట ఈదగలిగితే చాలు, చెరువులో అవతలి ఒడ్డు దాకా వెళ్లొచ్చేద్దాం అనుకుంటారు. పూల్‌లో ప్రతి 25 మీటర్లకీ గోడను తన్ని తిరుగుతాం. ఆ తన్నులో రెండు మూడు మీటర్లు ఉచితంగా వస్తాయి, ఒక క్షణం విశ్రాంతీ దొరుకుతుంది. చెరువులో అవేవీ ఉండవు. పైగా తలెత్తి దారి చూసుకుంటూ ఈదాలి, వంకరగా పోతాం, దూరం పెరుగుతుంది. కాబట్టి పోటీలో ఈదాల్సింది 1.5 కిలోమీటర్లయితే, పూల్‌లో గోడ తన్నకుండా దానికి ఒకటిన్నర రెట్లు తేలిగ్గా ఈదగలిగాకే బయటి నీళ్ల మాట ఎత్తండి. మొదటి రోజుల్లో బయటి నీళ్లలోనూ ఒడ్డుకు సమాంతరంగా, నడుముల్లోతు దాటకుండా ఈదండి.

ఆగస్టు 27, రాత్రి ఒంటి గంట

1959 జులై 24న ఆరతి ఇంగ్లండ్ బయలుదేరింది. మేనేజరుగా డాక్టర్ అరుణ్ గుప్తా వెంట వెళ్లాడు. ఆగస్టు 13 నుంచి చానల్ నీళ్లలోనే సాధన. అదే పోటీకి వచ్చిన మరో ఈతగాడు డాక్టర్ బిమల్ చంద్ర ఆమెకు అక్కడ తోడుగా నిలిచి మెళకువలు చెప్పాడు. ఇటలీలోని నేపుల్స్‌లో మరో పోటీ ముగించుకుని అప్పుడే వచ్చాడాయన. తనకూ పోటీ ఉంది, అయినా పక్కవారి సాధనకు సమయమిచ్చాడు. ట్రయథ్లాన్ కోసం మీరు వెతుక్కోవాల్సిన స్నేహితుడు ఇలాంటివాడు.

ఆగస్టు 27న పోటీ. 23 దేశాల నుంచి 58 మంది, వారిలో ఆడవాళ్లు అయిదుగురు. రాత్రి ఒంటి గంటకు ఫ్రాన్స్‌లోని కేప్ గ్రి నే దగ్గర బయలుదేరి ఇంగ్లండ్‌లోని శాండ్‌గేట్ చేరాలి. ప్రతి ఈతగాడికీ పక్కనే దారి చూపే పడవ ఒకటి ఉంటుంది. తినడానికి, తాగడానికి దాంట్లోంచే అందిస్తారు. పడవను చేత్తో ముట్టుకుంటే పోటీ నుంచి తప్పుకున్నట్టే. ఈతగాడి పరిస్థితి బాగాలేదనిపిస్తే ఆపమనే అధికారం ఆ పడవ నడిపే పైలట్‌ది.

ఆరతి పడవ వేళకు రాలేదు. మిగతా వాళ్లంతా నీళ్లలోకి దిగిపోయారు. ఆమె ఒడ్డునే ఉండిపోయింది. పడవ వచ్చి ఆమె దిగేసరికి 40 నిమిషాలు గడిచిపోయాయి.

40 నిమిషాలంటే అంత పెద్ద విషయమా అనిపించవచ్చు. చానల్‌లో పెద్దదే. అక్కడ ఆటుపోట్లు దాదాపు ఆరేసి గంటలకు దిశ మార్చుకుంటాయి. ఏ ఘడియలో దిగితే అవతలి ఒడ్డు దగ్గర నీరు అనుకూలంగా ఉంటుందో లెక్కగట్టే సమయం పెడతారు. ఆ ఘడియ తప్పితే బస్సు తప్పిపోయినట్టే, తర్వాతి బస్సు మనకు ఎదురొస్తుంది. ఉదయం 11 గంటలకల్లా ఆరతి ఇంగ్లండ్ తీరానికి 5 మైళ్ల దూరంలోకి వచ్చేసింది. సరిగ్గా అక్కడ ఎదురు ప్రవాహం తగిలింది. సాయంత్రం 4 గంటల దాకా, అంటే మరో అయిదు గంటలు, చేతులు ఆడిస్తూనే ఉంది. ముందుకు జరిగింది రెండు మైళ్లు. ఇంకా ఈదుతానంది. పైలట్ ఒప్పుకోలేదు, ఒత్తిడి చేసి ఆపించాడు. ఒడ్డు కళ్లముందు కనిపిస్తుండగా ఆమె పడవెక్కింది.

నా మటుకు నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదే, గెలిచిన రోజు కాదు. ఈదేవారికి తమ శరీరం సంగతి తెలియని దశ ఒకటి వస్తుంది. నిశ్చలంగా ఉన్న గాలి కంటే నీరు శరీరంలోని వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. చానల్‌లో ఆ రోజుల్లో నీరు సుమారు 15 నుంచి 17 డిగ్రీలు. ఒళ్లు చల్లబడే కొద్దీ ముందు వణుకు, తర్వాత చేతివేళ్లు కూడదీసుకోలేకపోవడం, మాట తడబడటం, ఆ పైన తికమక. తికమక మొదలయ్యాక నేను బాగానే ఉన్నానని ఈతగాడే అంటాడు. అందుకే ఆపే నిర్ణయం నీళ్లలో ఉన్న మనిషికి వదలరు. పడవలో ఉన్న మనిషికి అప్పగిస్తారు. ఆ రోజు ఆరతిని ఆపినవాడి వల్లే నెల తర్వాత ఆమె మళ్లీ ఈదగలిగింది.

మీ పడవ ఎవరు?

ఇప్పుడు మన చెరువు దగ్గరికి వద్దాం. తిరుమలాయపాలెం ఒకప్పుడు కరువు మండలం. ఎండాకాలంలో చెరువు శిఖంలో క్రికెట్ ఆడుకున్న తరం ఇంకా ఉంది. 2017లో భక్త రామదాసు ఎత్తిపోతలు మొదలయ్యాక పాలేరు నీళ్లు ఇటు వచ్చాయి. రైతుకు మేలే. ఈతగాడికి మాత్రం చెరువు మారిపోయింది. ఎప్పుడు ఎంత లోతుంటుందో పాత లెక్క చెప్పదు. పూడిక తీసిన చోట అడుగు సమానంగా ఉండదు. మోకాళ్లలోతు నీళ్లలో నడుస్తూ ఉండగానే పక్క అడుగు గుంతలో పడుతుంది. తూము దగ్గర నీరు పైకి నిలకడగా కనిపించినా లోపల లాగుతూ ఉంటుంది. అలుగు దగ్గర పాచి. గుర్రపు డెక్క, తూటికాడ ఉన్న వైపు కాళ్లు చిక్కుకుంటాయి. చేపల వలలు నీళ్ల కింద కనపడవు. వీటన్నిటి గురించి చెప్పగలిగేది ఆ చెరువులో రోజూ వల వేసే మత్స్యకారులే. ముందు వెళ్లి వాళ్లని అడగండి.

సాగర్ కాలువల్లో మాత్రం వద్దు. సిమెంటు వాలు మీద పాచి పట్టి ఉంటుంది, దిగినవారు గజ ఈతగాళ్లయినా పైకి ఎక్కలేరు. పాలేరు జలాశయం తాగునీటి వనరు కూడా. అధికారుల అనుమతి లేకుండా దిగే చోటు కాదది. వరద వచ్చిన వారం రోజులు ఏ చెరువులోనూ దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కాళ్లకు చిన్న గాయాలుంటే మరీను.

స్నేహితుడితో కలిసి సాధన అంటే ఇద్దరూ ఒకేసారి దిగి పందెం వేసుకోవడం అనుకుంటాం. అది తోడు కాదు. ఇద్దరూ ఒకేసారి అలిసిపోతే ఎవరూ మిగలరు. మొదటి రెండు మూడు నెలలు ఒకరు నీళ్లలో, ఒకరు తెప్ప మీదో నాటు పడవలోనో. పడవలో ఉన్నవారి దగ్గర పొడవాటి తాడు, గాలి నింపిన ట్యూబు, లైఫ్ జాకెట్, ఫోను. ఈదేవారి నడుముకి రంగు బుడగ. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మన సొరకాయ బుర్రకి మనవడు లాంటిది. ఎంతసేపు ఈదాలో ఒడ్డునే అనుకోవాలి, చెయ్యెత్తితే ఏమిటి అర్థమో అనుకోవాలి. పడవలో ఉన్నవారు ఆపమంటే వాదన లేకుండా ఆగాలి. పడవ రాకపోతే ఆ రోజు ఈత లేదు. గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, నలభై దాటాక కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డాక్టరుకి చూపించుకోకుండా దిగొద్దు. మందు తాగిన రోజు అసలే వద్దు.

నిజంగా మునిగిపోయే మనిషి సినిమాల్లోలా కేకలు పెట్టడు. నోరు నీటి అంచున ఉంటుంది, కేక వేసే ఊపిరి ఉండదు. చేతులు ఊపడం కూడా ఉండదు, నిటారుగా నిలబడి ఉన్నట్టు కనిపిస్తాడు. అది చూసి ఒక్కసారిగా దూకి కౌగిలించుకుంటే ఇద్దరూ పోతారు. తాడో, కర్రో, ట్యూబో అందించాలి. ఒడ్డుకు తెచ్చాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయకండి, ఆ కాసేపట్లో ప్రాణం పోతుంది. ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఊదాలి. ఆ వెంటనే ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కడం, 2 సార్లు ఊదడం, 108 వచ్చేదాకా ఆపకుండా. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీరు కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పెట్టవచ్చు.

సెప్టెంబరు 29

ఓడిపోయిన తర్వాతి నెల ఆరతికి ఇంకా కష్టంగా గడిచింది. వెంట వచ్చిన డాక్టర్ అరుణ్ గుప్తా జబ్బు పడ్డాడు. పరాయి దేశం, చేతిలో పరిమితంగా డబ్బు, రోజురోజుకీ దగ్గరపడుతున్న చలికాలం. ఆమె సాధన ఆపలేదు. మధ్యలోనే పందొమ్మిదో పుట్టినరోజు వచ్చి వెళ్లింది.

ఆ తర్వాత అయిదు రోజులకు, 1959 సెప్టెంబరు 29న, మళ్లీ కేప్ గ్రి నే నుంచి దిగింది. ఈసారి అల పెద్దది, అయినా నీరు ఆమెను వెనక్కి నెట్టలేకపోయింది. 16 గంటల 20 నిమిషాలు ఈది శాండ్‌గేట్‌లో కాలు మోపింది. పటం మీద గీత గీస్తే చానల్ వెడల్పు ఇరవై ఒక్క మైళ్లు. ఆటుపోట్లు పక్కకి లాగడంతో ఆమె ఈదిన దూరం 42 మైళ్లు అయింది, అంటే 67 కిలోమీటర్ల పైమాటే. దేశబంధు పార్కు చెరువులో పదహారు గంటలు ఈదిన ఒళ్లు ఇక్కడా దాదాపు అంతే సేపు నిలబడింది. చివరి ఇరవై నిమిషాలే కొత్త. ఒడ్డున భారత పతాకం ఎగరేసింది. అప్పుడు లండన్‌లో భారత హైకమిషనర్‌గా ఉన్న విజయలక్ష్మీ పండిట్ అందరికంటే ముందు అభినందనలు తెలిపారు. మర్నాడు ఆకాశవాణి ఈ వార్త చెప్పింది. 1960లో పద్మశ్రీ వచ్చింది. క్రీడాకారిణుల్లో ఆ గౌరవం అందుకున్న మొదటి భారతీయురాలు ఆమే.

తర్వాత జీవితం మామూలు మనుషుల జీవితంలాగే సాగింది. తనకోసం చందాలు పోగేసి, ఇంగ్లండ్ దాకా తోడొచ్చిన అరుణ్ గుప్తానే పెళ్లి చేసుకుంది. అర్చన అని ఒక కూతురు పుట్టింది. 1994 ఆగస్టు మొదట్లో పచ్చకామెర్లు, మెదడువాపుతో కోల్‌కతాలో ఆసుపత్రిలో చేరింది. పంతొమ్మిది రోజులు మృత్యువుతో పోరాడి ఆ నెల 23న కన్నుమూసింది. వయసు యాభై నాలుగుకి నెల తక్కువ. 1999లో తపాలా శాఖ ఆమె బొమ్మతో మూడు రూపాయల బిళ్ల తెచ్చింది. ఇంట్లో ఎవరైనా స్టాంపులు దాచుకుంటుంటే ఆల్బమ్ తిరగేసి చూడండి, దొరకవచ్చు.